ఆఫీసు లేని బస్సు పాసు

మా పిన్నిని ఎవరైనా "ఇంట్లోనే ఉంటావుగా" అంటే ఆమె ఎడమ కన్ను పక్కన సన్నటి నరం ఒకటి కదులుతుంది. నీళ్ళ అడుగున చేపపిల్ల పక్కకి తిరిగినట్టు, ఒక్కసారి. మళ్ళీ ముఖం ఏమీ జరగనట్టు తేటపడిపోతుంది. ఆ నరం ఇదివరకు లేదు. ఆఫీసు ఇంటికొచ్చాకే వచ్చింది.

నీళ్ళు కాచే హీటర్లు తయారుచేసే ఒక కంపెనీలో పిన్నిది ఫోన్లెత్తే ఉద్యోగం. నీళ్ళు కాగడం లేదని కొందరు, మరీ సలసలా కాగిపోతున్నాయని కొందరు, మేకు ఊడి హీటరు గోడకి సగం వేలాడుతోందని కొందరు. పొద్దున్నే స్నానం కుదరని వాళ్ళ కోపమంతా ఆమె చెవిలోకి వస్తుంది. ఆమె విని, "అర్థమైందండీ, మనిషిని పంపిస్తాం" అంటుంది. ఆ మాట ఎంత మెత్తగా అంటుందంటే, తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళు కూడా చివరికి తమ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుని పెట్టేస్తారు.

ఒక రోజు ఆఫీసువాళ్ళు, ఇష్టమైనవాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారు. కంప్యూటరూ, తలకి తగిలించుకునే ఫోనూ వాళ్ళే ఇస్తారట. పిన్ని ఆ మాట ఇంట్లో చెప్పి ఇంకా చెప్పులైనా విప్పలేదు, బాబాయి జేబులోంచి పెన్ను తీశాడు.

మా బాబాయి బాత్రూం సామాన్ల దుకాణంలో బిల్లులు రాస్తాడు. కుళాయిలు, వాష్ బేసిన్లు, కమోడ్లు. ప్రపంచంలో ప్రతి వస్తువుకీ అడుగున ఒక ధర చీటీ అంటించి ఉంటుందని, వంగి చూడటానికి జనానికి బద్ధకమని ఆయన నమ్మకం. పాత బిల్లు వెనక గీతలు గీసి రాయడం మొదలుపెట్టాడు. బస్సు చార్జీలు. మధ్యలో టీలు. వంట కుదరని రోజుల్లో క్యాంటీన్ భోజనం. చెప్పులు అరగవు. గొడుగు బస్సులో మర్చిపోయే పని ఉండదు. ఇస్త్రీ ఖర్చు సగం తగ్గుతుంది, ఎందుకంటే ఫోన్లో చీర కనిపించదు.

"పౌడరు కూడా రాయండి, అదొక్కటీ ఎందుకు వదిలేశారు?" అంది పిన్ని.

"రాశాను. పైన చూడు."

అన్నిటికన్నా కింద, రెండు గీతలు కొట్టి మరీ, "రాకపోకలకి రోజుకి రెండు గంటలు. లాభం" అని రాశాడు. ఆ కాగితం చూసి పిన్ని నవ్వింది. ఆ లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. మొదటి నెల జీతం వచ్చినప్పుడు నిజంగానే కొంత చేతిలో మిగిలింది. ఆమె జీవితంలో నెలాఖరున పర్సు అడుగు కనిపించకపోవడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం ఆమె ఆ పర్సుని ఒళ్ళో పెట్టుకుని, నిద్రపోయే పిల్లిని నిమిరినట్టు నిమిరింది.

రెండో నెల మొదట్లో బాబాయి వాయిదాల మీద స్కూటరు తెచ్చాడు. లేత నీలం రంగుది. "నీ బస్సు డబ్బులతోనే వచ్చింది, చూడు" అని పిన్నికి మెట్ల మీద నుంచి చూపించాడు. పిన్ని చూసింది. ఆయన దాని మీద దుకాణానికి వెళ్తుంటే వెనక చొక్కా గాలికి ఉబ్బేది, తెరచాప కట్టిన మనిషిలా.

మూడో నెల, గిన్నెలు తోమే ఆవిడని మాన్పించారు. అది నానమ్మ ఆలోచన. నానమ్మంటే బాబాయి వాళ్ళమ్మ, పిన్నికి అత్తగారు. చివరి గది ఆమెది. చెవులు కాస్త మందం కాబట్టి, అవతలివాళ్ళందరికీ కూడా మందమే అనుకుని మాట్లాడుతుంది.

"ఎందుకే దానికి డబ్బులు? నువ్వు ఇంట్లోనే ఉంటావుగా!"

"అత్తయ్యా, నేను ఇంట్లో ఉండను. ఆఫీసులో ఉంటాను. ఆ ఆఫీసు ఇంట్లో ఉంది."

"అదే నేను చెప్పేదీ!" అంది నానమ్మ.

ఇంట్లో ఫ్రిజ్‌కీ వంటింటి తలుపుకీ మధ్య ఒక మూల ఉంది. పిన్ని ఆఫీసు అక్కడ. భోజనాల బల్ల మీద కంప్యూటరు, పక్కన నీళ్ళ సీసా, ఎదురుగా గోడ. ఆ గోడకి పాత తేమ మరక. మొదటి రోజుల్లో ఆ మరక ఆమెకి ఒక దీవిలా కనిపించేది. తర్వాత తర్వాత తేమ మరకలాగే కనిపించింది. ఫ్రిజ్ మోటారు ఆగినప్పుడల్లా ఇల్లు ఒక్కసారి నిట్టూర్చేది, ఆమె బదులు.

మేం పై అంతస్తులో ఉండేవాళ్ళం కాబట్టి ఆ ఇంటి గుమ్మం ఎలా మారిపోయిందో చూశాం. ముందు కొరియర్ అతను ఎదురింటి టీచరమ్మ పార్శిల్ ఒకటి తెచ్చి, "ఆవిడ లేరండి, మీరు ఇంట్లోనే ఉంటారటగా" అన్నాడు. తర్వాత కింది టైలరు తన కొట్టు తాళం ఇచ్చి, కరెంటు మనిషి వస్తే తీయమన్నాడు. ఆ తర్వాత భవనం మొత్తం ఆ మాట పాకింది. పిన్ని గుమ్మం పక్కన అట్టపెట్టెలు పేరుకున్నాయి. ఎవరివో బూట్లు, ఎవరివో మిక్సీలు. ఆమె మాత్రం ఏమీ కొనలేదు. చెవిలో ఎవరో హీటరు గురించి అరుస్తుంటే, ఆమె తలకున్న ఫోనుతోనే లేచి, తలుపు తీసి, ఒంటిచేత్తో సంతకం పెట్టి, మళ్ళీ కూర్చునేది. "అర్థమైందండీ, మనిషిని పంపిస్తాం."

బాబాయి రెండు గీతలు కొట్టి రాసిన ఆ రెండు గంటల లాభం ఎటు పోయిందో ఎవరూ లెక్క అడగలేదు. ఒకటి గిన్నెల్లోకి పోయింది. ఇంకొకటి నానమ్మ మోకాళ్ళ నూనెలోకి, అట్టపెట్టెల్లోకి పోయింది.

అయితే ఇంటి నుంచి పనికి ఆఫీసువాళ్ళు ఒక్క షరతు పెట్టారు. ఫోన్లో ఇంటి చప్పుళ్ళు వినిపించకూడదు. పిన్ని మాట్లాడే కాల్స్‌లో కొన్ని ఇన్‌చార్జి మేడమ్ వింటుంది. ఇంటి గోల మాటిమాటికీ దొరికితే, మళ్ళీ ఆఫీసుకి రావలసిందే.

దాంతో బాబాయికి భయం పట్టుకుంది. పిన్ని ఆఫీసుకి వెళ్తే బస్సు. బస్సంటే చార్జీ. చార్జీ అంటే స్కూటరు వాయిదా. ఆయన ఇంట్లో నిశ్శబ్దాన్ని కాపలా కాయడం మొదలుపెట్టాడు. కుర్చీ కాళ్ళకి గుడ్డలు కట్టాడు. కుక్కర్‌ని నిషేధించాడు. పిన్ని కాల్‌లో ఉన్నప్పుడు కుర్చీ మీద ఎర్ర తువ్వాలు వేస్తారు, అది చూసి ఎవరూ మాట్లాడకూడదు.

నానమ్మ ఆ తువ్వాలు చూసి ఆగిపోయేది. ఆగి, "తువ్వాలు వేసే ఉందా అమ్మాయ్, అయితే మాట్లాడకూడదు కదూ!" అని వీధి చివరికి వినబడేలా అడిగేది.

ఇక లాభం లేదనుకుని బాబాయి ఒక ఉపాయం కనిపెట్టాడు.

"చప్పుడు లేకుండా చెయ్యడం మన వల్ల కాదు. చప్పుడుంటే పర్వాలేదు, అది ఇంటి చప్పుడు కాకూడదు, అంతేగా?" అన్నాడు.

"అంటే?"

"ఆఫీసు చప్పుడు పెడదాం. నీ వెనక సన్నగా నలుగురు మాట్లాడుతున్నట్టుంటే, అమ్మ గొంతు కూడా అందులో కలిసిపోతుంది."

"ఆఫీసు చప్పుడు ఎక్కడ దొరుకుతుందండీ? కిలోల లెక్కన అమ్ముతారా?"

"నా దగ్గరుంది" అన్నాడు, సామానంతా దొరికే దుకాణం మనిషి ధీమాతో.

మర్నాడు ఆయన తన పాత ఫోన్‌ని దుకాణంలో బల్ల కింద పెట్టి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అక్కడి చప్పుడంతా పట్టి తెచ్చాడు. తిరిగి వినే ఓపిక ఎవరికీ లేదు. పిన్ని వద్దంది. వద్దంటున్నా ఆయన దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, మోగించి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. అప్పటికే ఒక కాల్ వచ్చేసింది. లేచి ఆపే వ్యవధి లేదు.

ఎవరో పెద్దాయన. చాలా మర్యాదగా మొదలుపెట్టాడు.

"అమ్మా, మా హీటరు వారం నుంచి మొండికేసింది. నేను నాలుగు కాలాలు చూసినవాణ్ణి, చన్నీళ్ళకి భయపడను. కానీ మా ఆవిడ..."

అప్పుడు ఫ్రిజ్ మీద నుంచి ఒక గొంతు ఖంగున మోగింది. "అన్నా, ఆ తెల్ల కమోడ్లు రెండూ బండెక్కించు! మూతలు మర్చిపోకు!"

పెద్దాయన ఆగాడు. "మీరు కమోడ్లు కూడా చేస్తారా అమ్మా?"

"లేదండీ. మీ హీటరు కొని ఎన్నాళ్ళైందండీ?"

"మరి రెండు ఎక్కించమంటున్నాడు?"

"అది... పక్క విభాగమండీ."

"ఎంతకిస్తున్నారో కనుక్కోమ్మా. మాది కూడా పగుళ్ళిచ్చింది."

పిన్ని ఏదో అనబోయింది. ఈలోగా ఫ్రిజ్ మీది ఫోన్లోంచి సాక్షాత్తూ బాబాయి గొంతే వచ్చింది. దుకాణంలో ఎవరితోనో బేరమాడుతున్న గొంతు. "ఈ రేటుకి ఇస్తే నాకు మిగిలేది సున్నా సార్! మా ఆవిడ మీద ఒట్టు!"

"పాపం, తగ్గేట్టున్నాడు. ఇంకొంచెం గట్టిగా అడగమనండి" అన్నాడు పెద్దాయన ఉత్సాహంగా.

సరిగ్గా అప్పుడే నానమ్మ గదిలోంచి వచ్చి, తువ్వాలు చూసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వాడు అప్పుడే వచ్చేశాడా? వాడి గొంతు వినిపిస్తోంది, మనిషేడి?" అని కేకేసింది.

ఇన్‌చార్జి మేడమ్ ఆ రోజు వినడానికి ఎంచుకున్న కాల్ అదే. సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి, "రేపు ఒకసారి ఆఫీసుకి రండి. మాట్లాడాలి" అని పెట్టేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర బాబాయి అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "పొరపాటైందని చెప్పు. ఇంటి నుంచే చేస్తానని బతిమాలుకో. నువ్వు మళ్ళీ బస్సెక్కావంటే స్కూటరు తిరిగిచ్చెయ్యాల్సిందే."

"మీరు తెచ్చిన చప్పుడికి నేను బతిమాలుకోవాలా?"

"నీ మంచికే తెచ్చాను కదే!"

"ఇంతకీ ఆ పెద్దాయన కమోడ్ కొన్నాడా?" అంది నానమ్మ. ఎంత చెవుడైనా ఆ సంగతి మాత్రం పూర్తిగా వినిపించిందామెకి.

పిన్ని తన కంచం తీసుకుని లేచింది. ఆమె కన్ను పక్కన నరం కదులుతూనే ఉంది. బతిమాలుకోవాలా, "ఇక ఇంట్లో చెయ్యను, నా కుర్చీ నాకిచ్చెయ్యండి" అనాలా? రెండో మాటే ఆమె గొంతు దాకా వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున రొట్టెల దుకాణం ముందు ఆమె పాత బస్సు ఎక్కింది. ఎడమ వైపు కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉంది. కూర్చుంది. చార్జీకి డబ్బులిచ్చింది. ఆ తర్వాత ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

అలా అడగకుండా బస్సు రెండు మలుపులు తిరిగింది. మూడో మలుపులో ఆమెకి తన భుజాలు కిందికి దిగడం తెలిసింది. ఇన్నాళ్ళూ అవి చెవుల దాకా ఎత్తి ఉన్నాయని అప్పటిదాకా తెలియనే లేదు. బయట ఊరు తడి బట్టలా వేళ్ళాడుతూ, ఆరుతూ కదిలిపోతోంది. మిద్దె మీద ఒకాయన బూట్లకి రంగేస్తున్నాడు, ఎప్పటిలాగే ఎడమకాలి దానికే ఎక్కువ శ్రద్ధగా. బడి గోడ మీద ఎవరో సగం గీసి వదిలేసిన గుర్రం ఇంకా సగంగానే ఉంది. వంతెన ఎక్కగానే కింద రైలు పట్టాలు ఎండ తగిలి, ఎవరో ఇప్పుడే తెరిచిన రెండు కళ్ళలా మెరిశాయి. ఎదురు సీటులో ఒకామె నిద్రపోతూ నవ్వింది.

ఈ గంటలో పిన్ని ఎవరికీ భార్య కాదు, కోడలు కాదు, మేడమ్ కాదు. ఈ గంటలో ఆమె చేసే పనేమీ లేదు. ఇన్నేళ్ళూ ఇదొక ప్రయాణ బడలిక అనుకుంది. ఇంటికి చేరి కాళ్ళు పట్టేశాయని కూడా అనేది. తన రోజులో తన కోసమే మిగిలేది ఇదొక్కటే అని, దీన్ని కూడా "లాభం" కింద రాసేశాకే తెలిసింది. వంతెన దిగుతుండగా ఆమెకి ఇంకో సంగతి తట్టింది. తట్టగానే ఒంటరిగా, గట్టిగా నవ్వబోయి ఆపుకుంది.

ఆఫీసులో సగం లైట్లు ఆర్పేసి ఉన్నాయి. ఆమె కుర్చీలో పాత ఫైళ్ళ కట్టలు కూర్చున్నాయి. ఇన్‌చార్జి మేడమ్ ముఖం గంభీరంగా పెట్టుకోవడానికి చాలా కష్టపడింది.

"కూర్చోండి. ముందు ఇది చెప్పండి, ఆ 'మా ఆవిడ మీద ఒట్టు' అన్నదెవరు?"

"ఆ ఆవిడని నేనేనండీ."

మేడమ్ బల్ల మీద తల పెట్టేసుకుని నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని అసలు మాట చెప్పింది. "తలుపున్న గది ఒకటి చూసుకుంటే ఇంటి నుంచే చెయ్యండి. లేదంటే వచ్చెయ్యండి, ఆ ఫైళ్ళు తీయించి కుర్చీ ఇస్తాం. నిజానికి మీరు అక్కడుంటేనే మాకూ మేలు. కింది అంతస్తు ఖాళీ చేసేశాం. అద్దె మిగిలింది, కరెంటు మిగిలింది, టీ పొడి మిగిలింది, నీళ్ళ క్యాన్లు..."

ఆవిడ ఒక్కొక్కటీ వేళ్ళు మడుస్తూ చెబుతుంటే పిన్నికి బాబాయి పెన్ను గుర్తొచ్చింది. ఇక్కడ ఆరిన లైట్లన్నీ ఎక్కడ వెలుగుతున్నాయో కూడా తెలిసింది. ఫ్రిజ్ పక్కన, ఆమె మూలలో.

"ఇంటి నుంచే చేస్తానండీ" అంది పిన్ని.

"ఆలోచించుకునే చెప్తున్నారా?"

"బస్సులో ఆలోచించుకున్నాను. కరెంటు బిల్లులో మీ వంతు ఎంతో మాత్రం ఇక నుంచి ఇవ్వాలి."

మేడమ్ పైవాళ్ళని అడుగుతానంది. ఏం చెప్తారో తెలియదంది. సరేనని పిన్ని లేచింది. తిరుగు బస్సు ఎక్కే ముందు ఆమె బస్టాపు పక్కనున్న కౌంటరు కిటికీ దగ్గర ఆగి, డబ్బులు కట్టి, చిన్న అట్టముక్క ఒకటి తీసుకుని పర్సులో దాచుకుంది.

సాయంత్రం సంగతి విని బాబాయికి ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య! ఇంటి నుంచేనా? మరి తలుపున్న గది?"

"అత్తయ్య గది. పగలు ఆమె హాల్లో కూర్చుంటుంది. అడిగాను, సరేనంది."

"నా గది పగలు నాకెందుకు? హాల్లోంచి అయితే గుమ్మానికొచ్చేవాళ్ళందరూ కనబడతారు" అంది నానమ్మ. ఆమెకి అది ఎప్పటి నుంచో ఉన్న కోరికలా ఉంది.

బాబాయి సంతోషంగా నీళ్ళ కోసం పర్సు పక్కనున్న చెంబు అందుకోబోయాడు. తెరిచి ఉన్న పర్సులో అట్టముక్క కనిపించింది. బయటికి లాగాడు.

"ఇదేంటి? బస్సు పాసా? నెలంతటికీనా? ఆఫీసుకే వెళ్ళనిదానివి పాసెందుకే?"

"రేపట్నుంచి పొద్దున్నే బస్సెక్కి ఆఫీసు దాకా వెళ్తాను. దిగి, రోడ్డు దాటి, ఇంకో బస్సెక్కి వచ్చేస్తాను. వచ్చి పనిలో కూర్చుంటాను."

బాబాయి పాసు వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "పని లేకుండా బస్సెక్కడమేంటి?"

"పనుంది. కూర్చోవాలి."

"కూర్చోడానికి ఇంట్లో కుర్చీ లేదా?"

"ఉంది. అందులో కూర్చుంటే అందరికీ కనిపిస్తాను."

"డబ్బులు దండగ కదే! మిగిలినవన్నీ మళ్ళీ బస్సుకే పోస్తే ఇక మిగిల్చిందేంటి?"

"ఆ మిగిలినవి ఎవరివండీ?"

"ఎవరివేంటి, మనవి."

"మనలో నేనున్నానా?"

బాబాయి పాసుని బల్ల మీద పెట్టేశాడు. నానమ్మ ఒక్క మాటా వినబడనట్టు గోడ వైపు చూసింది, అంటే అంతా వినబడిందన్నమాట.

"ఇంట్లో పని చేస్తే డబ్బులు మిగులుతాయన్నారు. మిగిలాయి. నేను కాదనట్లేదు" అంది పిన్ని. ఈసారి ఆమె గొంతు ఫోన్లో వినిపించే ఆ మెత్తటి గొంతు కాదు. "వాటితో మీకు స్కూటరు వచ్చింది. ఆఫీసుకి కింది అంతస్తు అద్దె మిగిలింది. ఈ భవనానికంతటికీ జీతం లేని గుమాస్తా దొరికింది. నాకు ఆఫీసు కుర్చీ అక్కర్లేదు, బస్సు కావాలి. గిన్నెల ఆవిడ కూడా రేపట్నుంచి వస్తుంది. పెన్ను తియ్యండి, ఈ రెండూ తీసేస్తే ఇంకా ఎంత మిగులుతుందో మీరే రాయండి."

ఆయన పెన్ను తీశాడు. అలవాటు అలాంటిది. రోజువారీ చార్జీల కన్నా చాలా తక్కువైన పాసు ధర రాసి, గిన్నెల ఆవిడ జీతం రాసి, తీసేసి, మళ్ళీ తీసేశాడు. స్కూటరు వాయిదా పోను ఇంకా కాస్త మిగిలింది. ఎక్కువ కాదు. మిగిలింది మాత్రం నిజం.

"జనం అడిగితే ఏం చెప్పను? మా ఆవిడ ఊరికే బస్సులో తిరుగుతోందని చెప్పనా?" అన్నాడు చివరికి, దాదాపు ఏడుపు గొంతుతో.

"మీ ఇష్టం. మీ దగ్గర చప్పుళ్ళు చాలా ఉన్నాయిగా, ఏదో ఒకటి పెట్టండి."

మర్నాడు పొద్దున మేం మెట్లు దిగుతుంటే పిన్ని అప్పటికే రొట్టెల దుకాణం ముందు నిలబడి ఉంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. పౌడరు రాసుకుంది. బస్సు రాగానే ఎక్కి, ఎడమ వైపు కిటికీ పక్కన కూర్చుని, మా వైపు చూసి కూడా చూడనట్టు ముఖం అటు తిప్పుకుంది. ఆ ముఖం మీద నరమేదీ కదల్లేదు.

దుకాణం తెరిచే వేళ కాలేదు కాబట్టి బాబాయి ఇంట్లోనే, లుంగీలో ఉన్నాడు. కొరియర్ అతను నాలుగు పెట్టెలతో గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్ లేరా సార్?"

బాబాయి తడబడ్డాడు. "ఆఫీసుకి వెళ్ళింది."

"అలాగా! మరి ఇవి? టీచరమ్మవి రెండు, టైలరుది ఒకటి, పైవాళ్ళది ఒకటి."

వెనక హాల్లోంచి నానమ్మ, "ఎవర్రా అది?" అని కేకేసింది. వంటింట్లో పాలు పొంగుతున్న వాసన. బాబాయి అటు పరుగెత్తబోయి, ఇటు తిరిగి, పెట్టెలన్నీ గడ్డం దాకా ఎత్తుకుని, మిగిలిన రెండు వేళ్ళతో సంతకం పెట్టాడు.

"థాంక్స్ సార్" అన్నాడు కొరియర్ అతను మెట్లు దిగుతూ. "రోజూ ఈ టైముకే వస్తాను. మీరు ఇంట్లోనే ఉంటారుగా?"